ఇరవై రెండు చుట్లు

మా అంగట్లో పనిచేసే మాబున్ని ఆరు నెలలు సెలవు కావాలని అడిగిన రోజు నేను చేతిలో ఉన్న సుత్తిని బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టాను. విసిరేశానని ఆమె ఇప్పటికీ చెబుతుంది. విసరలేదు. నాకు ముక్కు మీద కోపమన్న మాట నిజమేగానీ పనిముట్లను విసిరే అలవాటు మాత్రం లేదు.

పులివెందులలో నాది బోరు మోటార్ల వైండింగ్ అంగడి. కాలిపోయిన మోటారు తెస్తే పాత తీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాం. మాబున్ని నా దగ్గర పదమూడేళ్లుగా పనిచేస్తోంది. నలభై ఏళ్ల మనిషి. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. భర్త రహీం కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు నుంచి బూడిద లారీ తోలుతాడు. కూతురు సాజియా ఇంటర్ చదువుతోంది. బోరు మోటారు చుట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మోటారు లోపల ఒక ఇనుప గొట్టం ఉంటుంది, దాని పొడుగునా గాడులుంటాయి. గొట్టానికి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా కూర్చుని, గాడిలోంచి తీగను ఒకరు తోస్తే ఇంకొకరు లాగాలి. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ పైకే లెక్కపెట్టాలి. తోసినవాళ్లే ఆ మోటారును చుట్టినట్టని మాలో మాట. పదమూడేళ్లుగా ఆమె అటు, నేను ఇటు. నువ్వు నాతో ఆడిన మాటల కన్నా మాబున్నితో పెట్టిన లెక్కలే ఎక్కువని నా భార్య గౌరి ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

"సెలవు దేనికి? కువైట్‌కు పోతాండావా?" అన్నాను.

"యాడికీ పోను అన్నా. ఇంట్లోనే ఉంటా. చదువుకుంటా."

"ఏం చదువు?"

"మోటారు ఎందుకు కాలతాదో అది చదువుకుంటా."

అది డిసెంబరు. ఇంకో రెండు నెలలు పోతే ఎండలు ముదురుతాయి, అంగడి ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. అప్పుడు నా ఎదురుగా కూర్చుని తీగ లాగేదెవరు? "అంత మనసు చదువు మీద పడింటే ఐటీఐలో చేరు పో" అన్నాను వెటకారంగా. ఆమె అప్పటికే పోయి అడిగి వచ్చిందట.

"పదో తరగతి మెమో అడిగినారు. రెండేండ్లంట. నాకు కాగితం వద్దు అన్నా, కారణం కావాల. నాకేం తెలీదో నాకు తెల్సు. దాన్ని నేనే పట్టుకుంటా. ఆరు నెలలు చాలు."

ఆమె ఏ కారణం కోసం పట్టుబట్టిందో చెప్పకుండా దాటేస్తే న్యాయం కాదు. అందులో నా పాత్ర ఉంది, అది నాకు గర్వకారణం కాదు.

సింహాద్రిపురంలో మహీధర్ అని చీనీ తోట రైతు, అంటే బత్తాయి రైతు, ఉన్నాడు. అతనిది ఏడున్నర హార్స్‌పవర్ మోటారు. కంపెనీవాళ్లు చుట్టిన తీగ ఆరేళ్లు ఆడింది. అది కాలాక మాబున్ని చుట్టింది, ఏడాదికే కాలింది. మళ్లీ ఆమే చుట్టింది, ఎనిమిది నెలలకు కాలింది. మూడోసారి మోటారును ట్రాక్టర్‌లోంచి దించుతూ, అంగడి ముందు నలుగురూ నిలబడి ఉండగా మహీధర్ అన్నాడు: "ఈసారి ఆ యమ్మతో చుట్టించొద్దప్పా గురుప్రసాదూ. ఆ చేయి నాకు అచ్చిరాలేదు."

మాబున్ని లోపలే ఉంది. విన్నది. నేను ఆ మాటను అక్కడే కొట్టిపారేయాల్సింది. "సరేలే, నేనే చుడతా" అన్నాను. నెల తిరక్కముందే ఇంకో ఇద్దరు రైతులు కూడా అదే మాట అడిగారు. వాళ్లతోనూ సరేలే అన్నాను.

నేను చుట్టిన మోటారు నాలుగు నెలలకే కాలింది. "కరెంటు సరిగ్గా రాలేదప్పా" అన్నాడు మహీధర్. నేనూ అదే అన్నాను. కాలిన మోటారు మళ్లీ అంగట్లోకి వచ్చిన మరునాడే మాబున్ని సెలవు అడిగింది.

"నువ్వు చుట్టింది కాలితే కరెంటుది తప్పు. నేను చుట్టింది కాలితే నా చేతిది తప్పా? ఏదో ఒకటి తేలాల అన్నా. నా చేతిదే తప్పని తేలితే ఇంగ నేను తీగ ముట్టుకోను."

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. "పో. సీటు మాత్రం నీ కోసం పెట్టి ఉంచను" అన్నాను.

గడప దాటబోతూ ఆమె వెనక్కి తిరిగింది. "పుస్తకం ఒకసారి చూపిస్తావా?"

పుస్తకమంటే మా పనిలో ఒకటే పుస్తకం. నాది ఎర్ర గుడ్డ అట్ట వేసిన లావుపాటి నోటుబుక్కు. ఏ పేరు మోటారు, ఎన్ని హార్స్‌పవర్, గాడికి ఎన్ని చుట్లు, ఎంత లావు తీగ. ఇలా దాదాపు రెండు వందల మోటార్ల సంగతి అందులో ఉంది. ప్రొద్దుటూరులో మా ఉస్తాద్ అబ్దుల్ సలాం దగ్గర ఏడేళ్లు పనిచేశాక, సొంత అంగడి పెట్టుకోబోయే ముందు, ఆయన ఎదురుగా కూర్చుని ఆయన పుస్తకంలోంచి నా చేత్తో రాసుకున్నాను. మాలో ఆనవాయితీ అది. ఒకసారి రాసుకున్నాక దాన్ని ఇంకెవరికీ చూపించం. పనివాళ్లకు నోటితో చెబుతాం, దీనికి ఇరవై రెండు చుట్లని. వాళ్లు చుడతారు. పుస్తకంలో లేని మోటారు వస్తేనే పాత తీగలో చుట్లు లెక్కపెట్టి రాసుకుంటాం. ఉన్న మోటారైతే లెక్కపెట్టం, ఉలితో కోసి లాగి పారేస్తాం. పుస్తకంలో ఉన్నదాన్ని మళ్లీ లెక్కపెడితే ఉస్తాద్‌ను అనుమానించినట్టే.

"చూపించను" అన్నాను. ఆమె తలాడించి వెళ్లిపోయింది.

జనవరి అంతా గౌరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నానా అగచాట్లు పడ్డాను. పదకొండో చుట్టు దగ్గర ఆమెకు పాలు పొయ్యి మీద పెట్టిన సంగతి గుర్తొచ్చేది. లేచి వెళ్లి తిరిగొచ్చేసరికి పదకొండో పన్నెండో ఇద్దరికీ గుర్తుండేది కాదు. మహీధర్ మోటారు కూడా అలాగే తిప్పలు పడి, పుస్తకం ప్రకారం ఇరవై రెండు చుట్టి పంపాం.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆగలేక మాబున్ని ఇంటికి వెళ్లాను. మళ్లీ పనిలోకి రమ్మని అడగడానికే వెళ్లాను, అయితే ఆ మాట నోటితో అనకుండా ఆమే గ్రహించేటట్టు అడగాలని నా ఉద్దేశం.

గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. గోడ మీద తల ఎత్తు దాకా సుద్దముక్క రాతలు. కింద పాత ఫ్యాను మోటారు, మిక్సీ మోటారు, తీగ చుట్టిన మేకులు, బ్యాటరీలు, పేపరు మీద ఇనుప రజను. ప్రొద్దుటూరులో పాత పుస్తకాల బండి మీద దొరికిన ఐటీఐ తెలుగు పుస్తకాలు నాలుగు, అట్టలు ఊడిపోయి ఉన్నాయి. మధ్యలో మాబున్ని చాప మీద కూర్చుని ఉంది, ముక్కు మీద సుద్ద.

సాజియా నన్ను చూసి మొర పెట్టుకుంది. "మామా, మా యమ్మను మళ్లా పనికి పిల్చుకోపో. లెక్కలు అడిగి నన్ను సంపుతాండాది. నా పరీక్షలు నాకుండాయి. రెండుసార్లు ఇంట్లో కరెంటు ఫ్యూజు ఎగరగొట్టింది."

"మూడుసార్లు" అని మాబున్ని దిద్దింది. "తొమ్మిదికి కూర్చుంటా, అయిదుకు లేస్తా. శుక్రవారం సెలవు. డ్యూటీ లెక్కనే అన్నా. మొదట మూడు వారాలు వట్టి భిన్నాలే చేసినా. ఒక దినం ఏడుపొచ్చి పుస్తకం మంచం కిందికి తోసేస్తి. మళ్లా నేనే వంగి తీసుకుంటి." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పదమూడేళ్లలో ఆమె అంకెలు తప్ప ఇంత మాట్లాడడం నేను వినలేదు. "ఒకటి అడుగుతా చెప్పు. గాడికి ఇన్ని చుట్లని మనకు ఎవురు చెప్తారు?"

"పుస్తకం."

"పుస్తకానికి ఎవురు చెప్పినారు?"

నేను చాప అంచున కూర్చున్నాను.

"ఇనుము చెప్తాదన్నా" అంది. "తీగలో కరెంటు పోతే అయస్కాంతం పుడతాది గదా, అది ఇనుములోంచే పోవాల. పెండ్లి జనం వాకిట్లోంచి పోతాండారనుకో. వాకిలి పెద్దదైతే హాయిగా పోతారు. చిన్నదైతే తోసుకుంటారు, ఉక్క పోస్తాది. మోటారు కాలేది ఆ ఉక్కకే. ఇనుము పొడవు తక్కువైతే వాకిలి చిన్నదైనట్టు. అప్పుడు చుట్లు పెంచాల. చుట్లు పెరిగితే జనం తగ్గుతారు."

ఇరవై ఆరేళ్లుగా తీగ చుడుతున్నాను, ఆ ఇనుము అక్కడ ఎందుకుందని ఒక్కరోజూ అడగలేదు. తీగ చుట్టుకోవడానికి ఒక ఆసరా అనుకున్నానేమో. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని అడగాలనిపించింది. నా నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే. "అంతా బాగుంది. మహీధర్ మోటారు సంగతి తేల్చు చూద్దాం."

"దాని ఇనుము పొడవు ఎంత?"

"ఏమో."

"ఎప్పుడూ కొలవలేదా?"

"ఎందుకు కొలుస్తాం?"

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నేను ఇంకో మాట అనగలిగేవాణ్ని. పనిలోకి రమ్మని అడగకుండానే ఇంటికి వచ్చేశాను.

మార్చి చివర్లో ఫోను చేసింది. "అన్నా, రేపు జమ్మలమడుగుకు రా. నీ చేతులు కావాల." సీజన్ ఎంత గట్టిగా ఉందో, నాకు ఎన్ని మోటార్లు పెండింగ్ ఉన్నాయో ఫోనులోనే ఏకరువు పెట్టాను. మరునాడు పొద్దున్నే మొదటి బస్సులో ఉన్నాను.

జమ్మలమడుగులో ఇమ్తియాజ్ అనే అతనికి పాత ఇనుప సామాన్ల అంగడి ఉంది. దాని వెనక ఖాళీ స్థలం నిండా బోరు మోటార్లు పడి ఉన్నాయి. గండికోట రిజర్వాయర్‌లో కొండాపురం వైపు ఊళ్లు మునిగినప్పుడు, నీళ్లు రాకముందే రైతులు బోర్లలోంచి పైకి తీసి అమ్ముకున్నవి. బోరు బావిలోకి నీళ్లు పైనుంచి వచ్చిన చోట ఇంక మోటారు దేనికి? నేను వాటిని తప్పించుకుంటూ అంచునే నడిచాను. మాబున్ని మాత్రం వాటి మధ్య టేపు పట్టుకుని తన పొలంలో నడిచినట్టు నడుస్తోంది.

"పది దినాల నుంచి వస్తాండాది ఈ యమ్మ" అన్నాడు ఇమ్తియాజ్ టీ ఇస్తూ. "కొనేది లేదు, కొలిచేదే. నేనే స్టూలు వేసి కూర్చోబెడతాండా."

పైన స్టీలు గొట్టం మీద అయస్కాంతాన్ని జరిపి, అది లోపలి ఇనుముకు పట్టినంత మేరా టేపు పెట్టి, ముప్పై ఏడు మోటార్లు కొలిచిందట. మహీధర్ మోటారు పేరే, అదే ఏడున్నర హార్స్‌పవర్, పైన అదే గొట్టం, అదే రంగు. లోపలి ఇనుము మాత్రం రెండు రకాలు. పాతవాటిలో పొడవు రెండు వందల అరవై మిల్లీమీటర్లు. తర్వాత వచ్చినవాటిలో రెండు వందల ఇరవై. కంపెనీ ఎప్పుడో ఇనుము తగ్గించింది, పేరు మార్చలేదు.

"ఇది సూడన్నా" అని ఒక మోటారు ముందు కూర్చుంది. చిన్న ఇనుముది. ఊరు మునగడానికి ఏడాది ముందు కొన్న మోటారట. కంపెనీ సీలు కూడా ఊడలేదు. అంటే లోపలి తీగను నాలాంటివాడెవడూ ఇంకా ముట్టుకోలేదు. "కోయి. నువ్వే లెక్కపెట్టు. నేను పెడితే నువ్వు నమ్మవు."

నమ్మను, నిజమే. సీలు తీసి, తీగ కొసలు కోసి, వేలితో ఒక్కొక్కటే పక్కకు తోస్తూ లెక్కపెట్టాను. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. గాడిలో ఇంకా తీగ ఉంది. నా వేలు ఆగింది. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు. ఇంకో గాడి తీశాను. ఇరవై ఆరు. మూడోదీ అంతే.

మాబున్ని ఇమ్తియాజ్ వైపు చెయ్యి చాపింది. "కాగితం."

అతను చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు రాకముందే రాసి నా జేబులో పెట్టిందప్పా" అన్నాడు. విప్పాను. సాజియా పాత నోటుబుక్కు కాగితం. నాలుగు వరసల లెక్క, కింద రెండు గీతలు, వాటి మధ్య ఒక్క అంకె. ఇరవై ఆరు.

మోటారు తెరవకుండా, లోపలికి తొంగి చూడకుండా, టేపుతో కొలిచి చెప్పింది. నేను ఆ కాగితాన్ని ఎంతసేపు చూశానో తెలియదు, టీ మీద మీగడ కట్టింది. ఇమ్తియాజ్‌కు వైండింగ్ గురించి ఏమీ తెలియదు, అయినా అతనూ స్టూలు మీద కూర్చోలేక లేచి నిలబడ్డాడు.

"అయితే పుస్తకం తప్పంటావా?" అన్నాను చివరికి.

"నేనేం అనలేదన్నా" అంది మాబున్ని.

ఏప్రిల్ మూడో వారంలో మహీధర్ మోటారు మళ్లీ కాలింది. అతను ట్రాక్టర్ దిగేటప్పటికే సగం చచ్చిన మనిషిలా ఉన్నాడు. "కాయ నిమ్మకాయంత అయ్యిందప్పా. పది దినాలు నీళ్లు లేకుంటే మొత్తం రాలిపోతాది. ఏమన్నా చెయ్."

"మాబున్ని చుడతాది" అన్నాను.

"ఆ చేయి వద్దని చెప్పింటి గదా."

నలుగురూ ఉన్నారు. పోయినసారి ఉన్నంతమంది ఉన్నారు. "ఆ యమ్మ చుట్టొద్దంటే నేనూ ముట్టుకోను. ప్రొద్దుటూరుకు తీసకపో" అన్నాను. మహీధర్ మళ్లీ ట్రాక్టర్ ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. మహీధర్ ఫోను చేసినప్పుడే నేను కబురు పెట్టిన మాబున్ని అప్పుడే ఆటో దిగింది. విషయం ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేరుగా అతని దగ్గరికి పోయి అంది: "మహీధరన్నా, ఒక్కసారి. ఇది కాలితే నా చేతిదే తప్పని నేనే ఊరంతా చెప్పి ఈ పని మానుకుంటా."

మహీధర్ మోటారు దించాడు.

ముందు కొలిచింది. రెండు వందల ఇరవై. మొదటిసారి కంపెనీ తీగ పీకినప్పుడు నేను పది నిమిషాలు ఓపిక పట్టి లెక్కపెట్టి ఉంటే అప్పుడే బయటపడేది. తీగ ఒక గేజి సన్నది తీసుకున్నాం, నాలుగు చుట్లు ఎక్కువ పట్టాలి కదా. ఆమె అటు కూర్చుంది, నేను ఇటు. నాలుగున్నర నెలల తర్వాత నా ఎదురుగా ఆ ముఖం చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఆ మాట అనలేదు. ఒకటి అన్నాను. ఆమె రెండు అంది.

ఇరవై రెండు దగ్గర నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. తీగ మడత పెట్టడానికి వేళ్లు లేచాయి. ఇరవై ఆరేళ్ల అలవాటు.

"ఇంకా నాలుగుండాయి అన్నా" అంది మాబున్ని, మెల్లగా.

ప్రతి గాడి దగ్గరా అలాగే ఆగాను. ప్రతిసారీ ఆమె చెప్పింది. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున మోటారును నీళ్ల తొట్టిలో దించి కరెంటు ఇచ్చాం. మా పద్ధతి ఏమిటంటే, మూడు తీగల్లోనూ కరెంటు సమానంగా ఉందా అని మీటరుతో చూస్తాం. సమానంగా ఉంటే చాలు, బండికెక్కిస్తాం. ఎంత ఉందన్నది పట్టించుకోం. ఈ మోటారుకు నీళ్లు తోడే బరువు పడకుండానే తొమ్మిదిన్నర ఆంపియర్లు చూపించేది, నాలుగుసార్లూ. బాగా బలమున్న మోటారని నేను రైతులకు గొప్పగా చెప్పేవాణ్ని కూడా. ఇప్పుడు మీటరు పెట్టి అంకె చూశాను.

"ఎంత?" అంది మాబున్ని. ఆమె తొట్టి వైపు చూడడం లేదు, గోడ వైపు తిరిగి నిలబడింది.

"అయిదు."

"ఇంకో తీగ?"

"అయిదు. మూడోదీ అయిదే."

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ అనుకుంటా. మోటారు ఎప్పటిలా రొద పెట్టడం లేదు. తొట్టిలో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి, అంతే. గౌరి లోపలి నుంచి వచ్చి మోటారు ఆగిపోయిందా అని అడిగింది. నేను గట్టిగా నవ్వాను. అంత గట్టిగా ఎప్పుడు నవ్వానో నాకే గుర్తులేదు.

మధ్యాహ్నానికి సింహాద్రిపురం తోటలో మోటారు బోరులోకి దిగింది. పైపు నోట్లోంచి నీళ్లు వచ్చి కాలువలో పడ్డాయి. మహీధర్ స్టార్టరు పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. పోయినసారి ఇదే సమయానికి పట్టుకోలేనంత వేడిగా ఉండిందట. చెయ్యి తీయకుండా మాబున్ని వైపు చూసి తల వంచుకున్నాడు. మే దాటింది. జూన్ దాటింది. కాయ కోతకొచ్చింది. మోటారు ఆడుతూనే ఉంది.

నాకు ఒక్కటే ముల్లు మిగిలింది. ఉస్తాద్ పుస్తకంలో తప్పుంటే, ఆయన దగ్గర రాసుకుపోయిన శిష్యులందరి పుస్తకాల్లోనూ తప్పున్నట్టే. ఆయనకు చెప్పాలి. జులైలో మాబున్నిని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వెళ్లాను. రమ్మంటే ఆమె అంత ఉత్సాహం చూపించలేదు. అలసిపోయిందనుకున్నాను.

ఉస్తాద్‌కు ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ కంఠం తగ్గలేదు. నేను చాలా మర్యాదగా, చుట్టూ తిప్పి, పుస్తకంలో చిన్న పొరపాటు ఉన్నట్టుందని చెప్పాను. ఆయన కోడలిని పిలిచి బీరువాలోంచి పుస్తకం తెప్పించాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత దాన్ని చూశాను. ఆ మోటారు పేజీ తెరిచి నా ముందు పెట్టాడు.

పేరు. హార్స్‌పవర్. చుట్లు ఇరవై రెండు. తీగ లావు. దాని పక్కన ఇంకో నిలువు వరస. ఇనుము పొడవు, రెండు వందల అరవై. ప్రతి మోటారుకూ ఉంది. పేజీ పేజీకీ ఉంది.

"నేను ప్రతిదీ కొలిచే రాసినా గురూ" అన్నాడు. "నువ్వు రాసుకోలేదా?"

రాసుకోలేదు. ఆ రెండు రోజులూ నాకు గుర్తొచ్చాయి. ఇదే ఇంట్లో చాప మీద కూర్చుని, అంగడికి బోర్డు రాయించాలి, ముహూర్తం దగ్గరికొచ్చిందని తొందరపడుతూ రాశాను. అయిదు వరసలు ఎందుకు, పనికొచ్చేవి నాలుగే కదా అనుకున్నాను. నా సొంత తెలివితో ఆ వరస వదిలేశాను. ఉస్తాద్ పుస్తకంలో తప్పు లేదు.

"ఈ బిడ్డ మార్చిలోనే వచ్చి ఇనుము కొలతలు అడిగితే నేనే చూపిస్తి గదా" అన్నాడు ఉస్తాద్, మాబున్ని వైపు చెయ్యి చూపిస్తూ. "నీకు చెప్పలేదా?"

బస్సు ఎర్రగుంట్ల దాటింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"మార్చిలోనే తెల్సు నీకు" అన్నాను.

"తెల్సు."

"నా మొహాన కొట్టినట్టు చెప్పొచ్చు గదా. జమ్మలమడుగులో ఇమ్తియాజ్ ముందర చెప్పొచ్చు. మహీధర్ ముందర చెప్పొచ్చు."

"నలుగురిలో ఒకరి చేతిని అంటే ఎట్లుంటాదో నాకు తెల్సు అన్నా" అంది. "నీ చేతిని నేను అనలేకపోతి."

ఆ తర్వాత ఆమె ఏదో చెబుతూనే ఉంది, చిన్న ఇనుము మోటార్లు ఇంకెన్ని రకాలున్నాయో, సాజియాను ఇంకేం లెక్కలు అడగాలో. నేను వినలేదు. సిగ్గుతో నా చెవులు మండుతున్నాయి.

మరునాడు పొద్దున మహీధర్ గోతం నిండా చీనీకాయలు తెచ్చి మాబున్ని ముందు పెట్టాడు. అంగడి ముందు అయిదారుగురు రైతులున్నారు. నేను పుస్తకం పట్టుకుని బయటికి వచ్చాను. "మహీధరా, నీకు అచ్చిరాని చేయి నాది" అని మొత్తం చెప్పాను. ఏ వరస వదిలేశానో, ఎందుకు వదిలేశానో, దానివల్ల ఎన్ని మోటార్లు కాలి ఉంటాయో. గొంతు పెంచకుండా చెప్పాను. చివరికి మహీధర్ గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఇంగ నీతో చుట్టించను లేప్పా. ఆ యమ్మతోనే చుట్టిస్తా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పుస్తకం మాబున్ని చేతిలో పెట్టాను. పదమూడేళ్లలో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. కొంగుతో చేతులు తుడుచుకుని తెరిచింది. పేజీ చివర ఖాళీ జాగాలో స్కేలు పెట్టి నిలువు గీత గీసింది. ఇరవై రెండు పక్కన రెండు వందల అరవై అని రాసింది. దాని కింద కొత్త వరసలో, రెండు వందల ఇరవై, ఇరవై ఆరు. తర్వాత పేజీలు తిప్పుతూ పోయింది, పెదాలతో ఏదో లెక్కపెట్టుకుంటూ.

"పెద్ద ఇనుముకు ఉస్తాద్ పుస్తకం ఉంది. ఇనుము మారినవి యాడ కొలిచేదన్నా? జమ్మలమడుగులో అన్ని రకాలు లేవు. ఇంకో మూడు నెలలు సెలవు కావాల" అంది.

"యాడికీ పోవద్దు. మోటార్లు ఈడికే వస్తాయి" అన్నాను.

మాట పూర్తికాకముందే ఒక ట్రాక్టర్ వచ్చి ఆగింది. దించిన మోటారు పుస్తకంలో ఉన్నదే, నాకు నోటికి వచ్చినదే. నా చెయ్యి అలవాటుగా ఉలి మీదికి పోయింది. తీసి పక్కన పెట్టాను. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస ఆమె లాగింది.